మా బాబు జబ్బు పేరు కనిపెట్టిన డాక్టర్లకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. ఈ నాలుగు మాటలు ఎప్పుడో రాయాల్సింది. కాన్పు అయ్యేదాకా ఎక్కడా ఏమీ పెట్టొద్దని అమ్మ గట్టిగా చెప్పింది. పోయిన నెల మాకు పాప పుట్టింది, ఇద్దరం బాగున్నాం. కాన్పు చేసిన డాక్టరమ్మకూ నర్సులకూ దండాలు. కానీ వాళ్లకంటే ముందు నేను మొక్కాల్సింది, మా రెండో బాబు పోయాక వాడి ఒంటిని పరీక్ష చేసిన డాక్టర్లకు.

మాది మేనరికం. బావ మా మేనత్త కొడుకు. మొదటి బాబు పుట్టిన కొన్ని గంటలకే ఊపిరాడక పోయాడు. ఊపిరితిత్తులు ఎదగలేదని కాగితం రాసిచ్చారు. ఎందుకు ఎదగలేదో ఎవరూ చెప్పలేదు. పూడ్చిపెట్టి వచ్చాం. రెండోసారి, బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ బాగానే ఉందన్నారు. ఏడో నెలలో చూస్తే ఉమ్మనీరు దాదాపు లేదు, రెండు కిడ్నీలూ ఉండాల్సిన దానికంటే చాలా పెద్దగా ఉన్నాయన్నారు. వాడూ అన్న లాగే వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లో నేను విన్న మాటలు ఇన్నీ అన్నీ కావు. గ్రహణం పూట బయట తిరిగిందన్నారు, బొప్పాయి తిన్నదన్నారు, ఫ్లోరైడ్ నీళ్లన్నారు. ఫ్లోరైడ్ ఎముకలనూ పళ్లనూ ఏం చేస్తుందో నల్లగొండ జిల్లాలో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు, కానీ మా పిల్లల జబ్బుకు దానితో సంబంధం లేదని తర్వాత తెలిసింది. అత్తమ్మ ఒక్క మాట అనలేదు. అయినా ఊరి నోరు ఆమె మూయగలదా? ఏం తిన్నానో, ఏ బరువు మోశానో అని రాత్రుళ్లు లెక్క పెట్టుకుంటూ కూర్చునేదాన్ని.

బాబు పోయిన పూటే పిల్లల డాక్టరమ్మ మా పక్కన కూర్చొని అటాప్సీ, అంటే పోయిన బిడ్డ ఒంటిని కోసి జబ్బు వెతికే పరీక్ష, దాని సంగతి చెప్పారు. పోలీసు కేసులో చేసే పోస్టుమార్టం వేరు, ఇది వేరు, మీరు సంతకం పెడితేనే చేస్తాం అన్నారు. ముఖం ముట్టుకోం, కుట్లు వేసి బట్ట చుట్టి మీ చేతికే ఇస్తాం అన్నారు. "పసిప్రాణం, దాన్ని గూడ కోస్తరా" అని మామయ్య ఏడ్చారు. బావ ఒకటే అడిగాడు: "మళ్లీ ఇట్లనే అయితదా మేడం?" అది తెలియాలంటే ఇప్పుడు చూడాల్సిందే, పూడ్చిన తర్వాత తెలుసుకునే దారి ఉండదని ఆమె చెప్పారు. బావ సంతకం పెట్టాడు, నేనూ పెట్టాను. చెప్పినట్టే బాబును మా చేతికి శుభ్రంగా ఇచ్చారు.

రిపోర్టు రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ పరీక్ష చేసిన పాథాలజీ డాక్టర్ గారు మమ్మల్ని పిలిపించి, మాకు అర్థమయ్యేదాకా ఓపిగ్గా చెప్పారు. కిడ్నీలు పెద్దగా ఉన్నాయని స్కాన్ చెప్పగలదు, కానీ అలా కనిపించే జబ్బులు చాలా ఉన్నాయట. వాటిలో కొన్ని ఒక్క బిడ్డతో ఆగిపోతాయి, కొన్ని మళ్లీ వస్తాయి. అందుకే చేతులకూ కాళ్లకూ ఆరో వేలు ఉందా, తల వెనక ఎముక సరిగ్గా మూసుకుందా అని కూడా చూశారు. అవి సరిగ్గానే ఉన్నాయి. కిడ్నీ కోసి చూస్తే లోపలంతా స్పాంజ్ లాగా, సన్నని గొట్టాలు నడిమి నుంచి అంచుదాకా వరసగా ఉబ్బి ఉన్నాయి. లివర్ మాత్రం కంటికి మామూలుగానే ఉంది. దాన్ని, కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోసి, వెంట్రుక కంటే పలచగా కోసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే, పిత్తనాళాలు సరిగ్గా తయారుకాలేదని బయటపడింది. ఆ రెండూ కలిపి చూశాకే పేరు చెప్పారు: ఆటోసోమల్ రిసెసివ్ పాలిసిస్టిక్ కిడ్నీ డిసీజ్, అంటే తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు అంటే కిడ్నీ జబ్బు. సుమారు 20,000 కాన్పుల్లో ఒకరికి వస్తుందట.

కడుపులో బిడ్డ పోసే మూత్రమే తర్వాతి నెలల్లో ఉమ్మనీరు అవుతుంది. కిడ్నీ పనిచేయకపోతే ఆ నీరు ఉండదు, నీరు లేకపోతే ఊపిరితిత్తులు ఎదగవు. మొదటి బాబు కాగితం మీద రాసిన మాటకు అర్థం నాకు ఆ రోజు దొరికింది. ఆ గదిలోనే భోరుమన్నాను. నేను తిన్నది కాదు, తిరిగింది కాదు.

ఆ డాక్టర్ గారి ముందుచూపుకు ఇంకో దండం. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడవుతుందని, చిన్న ముక్కను విడిగా తీసి దాచి ఉంచారు. హైదరాబాద్‌లో జెనెటిక్స్ వాళ్లు దాన్నీ మా రక్తాన్నీ పరీక్ష చేసి, పీకేహెచ్‌డీ1 అనే జన్యువులో నాకూ బావకూ ఒకే తేడా ఉందని చెప్పారు. ఒక్క తేడా ఉంటే మనిషికి ఏమీ కాదు. రెండు వైపుల నుంచీ వస్తేనే జబ్బు. ప్రతి కడుపులోనూ నాలుగింట ఒక వంతు ఆ భయం ఉంటుంది.

పేరూ జన్యువూ తెలిశాయి కాబట్టే ఈసారి మూడో నెలలో మావి నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయగలిగారు. ఫలితం వచ్చేదాకా పడిన టెన్షన్ గురించి రాయలేను. పాపకు తేడా ఒక వైపు నుంచే వచ్చింది, మా లాగే.

పిల్లల డాక్టరమ్మకు, పాథాలజీ డాక్టర్ గారికి, ఆ స్లైడ్లు కోసిన, మేము ముఖం కూడా చూడని టెక్నీషియన్లకు, జెనెటిక్స్ వాళ్లకు, నాతో ప్రతిసారీ హైదరాబాద్ బస్సెక్కిన మా ఆశా అక్కకు, చివరికి "మంచి పని చేసిన్రు బిడ్డా" అన్న మామయ్యకు మా ఇద్దరి నమస్కారాలు. మా ఆడపడుచుకు కూడా చుట్టరికంలోనే సంబంధం చూస్తున్నారు. ముందు రక్త పరీక్ష చేయిద్దామని ఇంట్లో ఒప్పుకున్నారు.

అరుదైన జబ్బుల కోసం కేంద్ర ప్రభుత్వం 2021 విధానం కింద గుర్తించిన చోట్లలో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి, జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ ఉన్నాయి. మన దిక్కున ఎవరికైనా ఇలాంటి కష్టం వస్తే నాకు మెసేజ్ పెట్టండి. ఏ కాగితాలు పట్టుకెళ్లాలో, ఏం అడగాలో చెబుతాను. బావ కూడా ఫోన్‌లో మాట్లాడతానన్నాడు. ఆడవాళ్ల దగ్గర అడగలేని తండ్రులు ఆయనతో మాట్లాడొచ్చు.