ప్రవాసుల పేజీలో మన సంగటికీ మన యాసకూ చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో వారం వారం వచ్చే ప్రవాసాంధ్రుల పేజీని నేను ఒక్క అక్షరం వదలకుండా చదువుతాను. మా అబ్బాయి కుటుంబం టొరంటోలో ఉంటుంది కాబట్టి నాకది ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం లాంటిది. కిందటేడు ఆరు నెలలు అక్కడ ఉండి వచ్చాక మాత్రం ఆ పేజీలో ఒక పెద్ద లోటు నాకు కనిపిస్తోంది.

మా అబ్బాయి వాళ్ల పక్కింట్లో జమైకా నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడ ఉండేవారు. ప్రపంచమంతటా ఉన్న తమ దేశస్థుల కోసం వెలువడే ఒక జీవనశైలి పత్రికను ఆవిడ తాను చదివాక నాకిచ్చేవారు. ముప్పై లక్షల జనాభా కూడా లేని ఆ ద్వీపం నుంచి, 1948లో ఎంపైర్ విండ్‌రష్ ఓడ ఇంగ్లండులోని టిల్బరీ రేవు చేరిన కాలం మొదలుకొని, జనం లండన్‌కూ, ఆ తరువాత న్యూయార్క్, టొరంటోలకూ వలస పోతూనే ఉన్నారు. పరాయి దేశంలో పుట్టిన వాళ్ల మనవల చేతికి ఆ పత్రిక ఇల్లునీ వాకిలినీ అందిస్తోంది.

ఒక సంచికలో వాళ్ల జాతీయ ఫలమైన అకీ గురించి రాశారు. ఎర్రటి కాయ చెట్టు మీద తనంతట తాను విచ్చుకునేదాకా కోయకూడదు. పచ్చికాయలో ప్రాణం తీయగల విషం ఉంటుంది. విచ్చుకున్నాక నల్లటి గింజలనూ, లోపలి ఎర్రటి పొరనూ తీసేసి, పసుపుపచ్చని కండను ఉడికించి ఉప్పుచేపతో కలిపి వండుతారు. ఆ విషం భయంతోనే అమెరికా 1973 నుంచి 2000 దాకా అకీ దిగుమతిని ఆపివేసిందట. పెద్దావిడ ఆ బొమ్మ మీద వేలు పెట్టి, "అది నోరు తెరిచేదాకా మనం ఆగాలి" అని మా మనవడికి చెబుతుంటే, వాడు కళ్లార్పకుండా విన్నాడు. వాళ్లు ఇష్టంగా వండుకునే మేకమాంసం కూరలోని మసాలా, 1845 మే 10న మన దేశపు కూలీలతో మొదటి ఓడ అక్కడికి చేరిన తరువాత వచ్చిందని చదివినప్పుడు నాకు ఆనందమూ, బాధా రెండూ కలిగాయి.

అన్నింటికంటే నన్ను కదిలించింది భాష సంగతి. వాళ్ల ఇంటి మాటను ఒకప్పుడు చెడిపోయిన ఇంగ్లీషని తీసిపారేసేవారు. జమైకా కవయిత్రి లూయీస్ బెన్నెట్ ఆ మాటలోనే కవిత్వం చెప్పి, కథలు చెప్పి, వేదికలెక్కి దానికి గౌరవం తెచ్చారు. ఆమె చివరి రోజులు టొరంటోలోనే గడిపి 2006లో కన్నుమూశారు. నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. "యాడికి పోతా ఉండావు", "ఎవురు" అన్న పిల్లలను ఎన్నిసార్లు సరిదిద్దానో తలచుకుంటే ఇప్పుడు మనసు చివుక్కుమంటుంది.

మన పేజీలో ఏముంటోంది? సంఘాల ఎన్నికలు, శాలువాలు, వేదిక మీద వరసగా నిలబడ్డవారి ఫొటోలు. అవి వద్దని నేను అనను. కానీ మా తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లటి నామంకొమ్ము ఎందుకు పూసుకుంటారో, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు ఎందుకో, చివరి రోజు మట్టితో చేసిన అమ్మవారి రూపానికి చెంప నరికాక ఆ మట్టి కోసం జనం ఎందుకు ఎగబడతారో మా మనవడికి ఎవరు చెబుతారు? చాటింపు వేశాక ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదంటారు. పొలిమేర ఎప్పుడో దాటిపోయిన మన పిల్లలకు కనీసం ఆ చాటింపు వినిపించాలి కదా. ప్రవాసులంటే అమెరికా, కెనడాల్లోని వారే కారు. మదనపల్లె, పీలేరు వైపు నుంచి కువైట్‌కు వెళ్లి ఇళ్లల్లో పనిచేస్తున్న ఆడబిడ్డలకు కూడా ఆ పేజీలో చోటుండాలి.

అందుకని నెలకు ఒక్క పేజీ అయినా చిత్తూరు, తిరుపతి ప్రాంతాల తిండికీ, పండగలకూ, కాళహస్తి కలంకారీ వంటి చేతిపనులకూ, ఇక్కడి యాసలోనే కేటాయించవలసిందిగా కోరుతున్నాను. నూకలు ఉడికాక రాగిపిండి పైన పోసి, కదపకుండా ఆవిరికి మగ్గనిచ్చి, తరువాత కట్టెతో కెలికి, తడిచేత్తో ముద్ద చేసే మా అమ్మ సంగటి గురించి మొదటి వ్యాసం రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. వచ్చే మే నెల జాతరకు ముందే ఆ పేజీ మొదలైతే మా మనవడికి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తిరుపతి.