జట్టులో చోటు రాలేదు, అయినా చాలామందికి థ్యాంక్స్ చెప్పాలి

ముందే చెప్పేస్తున్నాను, మా అమ్మాయికి జూనియర్ ఈత జట్టులో చోటు రాలేదు. "గెలిచారటగా, కంగ్రాట్స్" అంటూ ఇప్పటికే నలుగురైదుగురు ఫోన్ చేశారు. గెలవలేదండీ. ఆ పోటీలు తను లేకుండానే జరిగిపోయాయి. అయినా ఈ మూడు నెలల్లో మాకు సాయం చేసినవాళ్ల సంగతి నలుగురిలో చెప్పుకోకపోతే మనసు ఒప్పుకోవడం లేదు. పేర్లు మాత్రం రాయడం లేదు. కొందరు వద్దన్నారు, కొందరిని అడగడానికి మొహమాటపడి నేనే వదిలేశాను.

అమ్మాయికి పదిహేడేళ్లు. ఈత, 200 మీటర్ల బటర్‌ఫ్లై. సెలెక్షన్ పోటీలో ఆఖరున గోడను తాకేటప్పుడు చేతులు మరీ మెత్తగా ఆనాయి. గోడకి ఉండే టచ్‌ప్యాడ్ మీద తగినంత ఒత్తిడి పడితేనే గడియారం ఆగుతుంది. ప్యాడ్ చూపించిన టైమ్‌కీ, పైన నిలబడి బటన్ నొక్కిన టైమ్‌కీపర్ల టైమ్‌కీ 0.41 సెకన్ల తేడా వచ్చింది. రిఫరీ ప్యాడ్ టైమ్‌నే ఖాయం చేశారు. దాంతో క్వాలిఫయింగ్ టైమ్ 0.18 సెకన్లలో తప్పిపోయింది. మిగిలిన ఒక్క చోటు ఎవరికివ్వాలన్నది సెలెక్టర్ల ఇష్టం. వాళ్లు ఇంకో అమ్మాయికి ఇచ్చారు. ఎందుకిచ్చారో ఒక్క ముక్క రాయలేదు. శుక్రవారం రాత్రి ఫోన్‌కి లిస్టు వచ్చింది, అంతే. అప్పీలు చేసుకోవాలంటే 72 గంటల్లోపు అని అడుగున ఉంది. అందులో రెండు రోజులు శని, ఆదివారాలు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఒక పోస్టు రాశాను. ఫెడరేషన్‌నీ, సెలెక్టర్లనీ, ఏ పాపమూ ఎరుగని ఆ ఇంకో అమ్మాయి తల్లిదండ్రులనీ కలిపి ఉతికి ఆరేశాను. పెట్టేముందు ఎందుకో ఒకరికి పంపి చూపించాను. నేను మొదట థ్యాంక్స్ చెప్పాల్సింది ఆమెకే.

ఎదిగే క్రీడాకారులకి చేయూతనిచ్చే ఒక ట్రస్టు రెండేళ్లుగా మా అమ్మాయి ఖర్చుల్లో కొంత భరిస్తోంది. ఆమె ఆ ట్రస్టు కోఆర్డినేటర్. రాత్రి పదకొండున్నరకి నా పోస్టంతా చదివి, "ఇది ఎక్కడా పెట్టకండి. పొద్దున్నే మీకు ఒకరు ఫోన్ చేస్తారు" అని మెసేజ్ ఇచ్చారు. క్రీడా వివాదాలు పరిష్కరించే ఒక స్వతంత్ర సంస్థతో వాళ్ల ట్రస్టుకి ముందునుంచే ఒప్పందం ఉంది. ట్రస్టు పిల్లలకి ఏదైనా తగాదా వస్తే ఫీజు లేకుండా సలహా ఇస్తారు, అవసరమైతే లాయర్‌నీ మధ్యవర్తినీ చూసిపెడతారు. రెండేళ్ల క్రితం మేం సంతకం పెట్టిన కాగితాల్లోనే ఆ పేరా ఉందట. నేను చదవలేదు. డబ్బులు ఏ తేదీన పడతాయన్న పేరా మాత్రం రెండుసార్లు చదివాను.

రెండు సంస్థల పెద్దలు చేతులు కలుపుకుని ఫొటో దిగితే "వీళ్లకి వేరే పనేం లేదు" అనుకునే రకాన్ని నేను. అలాంటి ఫొటో ఒకటి మాకు ఏం చేసిపెట్టిందో శనివారం పొద్దున ఏడున్నరకి తెలిసింది.

ఆ ఫోన్ లాయర్ మేడమ్‌ది. అన్యాయం ఎలా జరిగిందో చెప్పబోతుంటే ఆపి, "సెలెక్షన్ పాలసీ మీ దగ్గరుందా?" అని అడిగారు. లేదు. మూడేళ్లుగా పిల్లని పోటీలకి తిప్పుతున్నాను, ఆ పాలసీ ఒక్కసారీ తెరవలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి, "అవసరమైతే లౌసానే దాకా వెళ్తాం మేడమ్" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఓపిగ్గా చెప్పారు. స్విట్జర్లాండ్‌లోని లౌసానేలో ఉన్న క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 1984లో మొదలైంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నుంచి ఒలింపిక్స్ జరిగేచోటే ప్రత్యేక విభాగం పెట్టి మామూలుగా 24 గంటల్లో తీర్పులిస్తోంది. 2024లో పారిస్‌లో కుస్తీ పోటీలో బరువు 100 గ్రాములు ఎక్కువైందని తప్పించిన వినేశ్ ఫోగట్ కేసు విన్నది ఆ విభాగమే. అయితే ఎవరు పడితే వాళ్లు నేరుగా వెళ్లి ఆ తలుపు తట్టడానికి వీల్లేదు. అక్కడికి అప్పీలు చేసుకోవచ్చని మన ఫెడరేషన్ నియమాల్లో ఉండాలి, లేదా రెండు పక్షాలూ ఒప్పుకోవాలి. అంతకుముందు ఫెడరేషన్ లోపల ఉన్న మెట్లన్నీ ఎక్కేసి ఉండాలి. "మనం ఇంకా మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. దానికే ఇంక 60 గంటలుంది" అన్నారు.

తర్వాత చెప్పిన మాట మింగుడుపడటానికి నాకు ఒక పూట పట్టింది. "టచ్‌ప్యాడ్ సంగతి వదిలేయండి." నా దృష్టిలో కేసంతా అదే! పైన టైమ్‌కీపర్లున్నారు, వీడియో ఉంది, నా బాధ ఉంది. ఆమె చెప్పిందేమంటే, ఆట మధ్యలో రిఫరీ తీసుకున్న నిర్ణయాన్ని ఈ న్యాయస్థానాలు దాదాపుగా ముట్టుకోవు. దురుద్దేశంతోనో లంచం తీసుకునో చేశారని రుజువైతే తప్ప తిరగదోడవు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కొరియా జిమ్నాస్ట్ యాంగ్ తే-యంగ్‌కి ప్యారలల్ బార్స్‌లో విన్యాసాల కష్టాన్ని బట్టి ఇచ్చే ప్రారంభ మార్కునే 0.1 పాయింటు తక్కువగా లెక్కేశారు. తప్పు జరిగిందని అంతర్జాతీయ సమాఖ్యే ఒప్పుకుని జడ్జీలని సస్పెండ్ చేసింది. అయినా ఆ అక్టోబరులో లౌసానే తీర్పు అతనికి వ్యతిరేకంగానే వచ్చింది, బంగారు పతకం అమెరికా కుర్రాడు పాల్ హామ్ దగ్గరే ఉండిపోయింది. అభ్యంతరం ఏదైనా ఉంటే అక్కడే, అప్పుడే చెప్పాలి. ఈతలో అయితే రేసు అయ్యాక 30 నిమిషాల్లో రాసిచ్చేయాలి. ఆ 30 నిమిషాలూ మా కోచ్ గారు ఇంకో పిల్లాడి వార్మప్ దగ్గరున్నారు, నేను అమ్మాయిని ఓదారుస్తూ డ్రెస్సింగ్ రూమ్ బయట నిలబడ్డాను.

"మరి మనకేం మిగిలింది మేడమ్?" అన్నాను. "కారణం రాయకపోవడం మిగిలింది" అన్నారు. విచక్షణతో ఇచ్చే చోటుకి కూడా కారణాలు రాసివ్వాలని వాళ్ల పాలసీలోనే ఉంది. పాలసీ తెప్పించి చదివితే నిజమే, తొమ్మిదో పేజీలో ఉంది. రెండు పేజీల అప్పీలు ఆదివారం సాయంత్రానికి వెళ్లింది. నా పోస్టులో 1,800 పదాలున్నాయి, ఆమె అప్పీలులో ఒక్క తిట్టూ లేదు.

లాయర్లు ఫీజు తీసుకోకుండా ఇలా నిలబడటం మా విషయంలోనే మొదలుకాలేదు. పరుగుల అమ్మాయి ద్యుతీ చంద్‌ని, ఒంట్లో మగ హార్మోన్ ఎక్కువుందంటూ 2014లో కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించినప్పుడు ఆమెకి 18 ఏళ్లు. లౌసానేలో ఆమె తరఫున వాదించిన కెనడా లాయర్లు ఫీజు తీసుకోలేదు. 2015 జూలైలో ఆ హార్మోన్ నిబంధననే పక్కన పెట్టించారు, మరుసటి ఏడాది ఆమె రియోలో 100 మీటర్లు పరిగెత్తింది. ఆ వార్త అప్పట్లో నేనూ చదివాను, మెచ్చుకుని పేజీ తిప్పేశాను. మా ఇంటికే ఆ అవసరం వస్తుందని ఎవరనుకుంటారు?

విచారణ బదులు ఒక మధ్యవర్తి ముందు కూర్చుని మాట్లాడుకోవడానికి ఫెడరేషన్ ఒప్పుకుంది. ఈ విషయంలో వాళ్లకీ థ్యాంక్స్ చెప్పాలి, ఇది రాయడం నాకు ఇష్టం లేకపోయినా. వీడియో కాల్‌లో ఐదు గంటలు పట్టింది. మధ్యవర్తి ఒక రిటైర్డ్ న్యాయమూర్తి. మమ్మల్నీ వాళ్లనీ కాసేపు కలిపీ, ఎక్కువసేపు విడివిడిగానూ మాట్లాడించారు. మా వంతు రాగానే నేను గొంతు సవరించుకుంటుంటే ఆయన, "మీరు కాసేపు ఆగండి. అమ్మా, నీకేం కావాలి?" అని పిల్లని అడిగారు.

మూడు వారాలుగా ఇంట్లో ఇదే గొడవ. ఆ ప్రశ్న మాత్రం మేమెవ్వరం తనని అడగలేదు.

"ఇంకొకళ్ల చోటు నాకు వద్దు సార్. నాకెందుకు రాలేదో కాగితం మీద రాసిమ్మనండి. నేషనల్ క్యాంపుకి రానిమ్మనండి. కంప్లయింట్ ఇచ్చిందని క్యాంపులో నన్ను వేరేగా చూడొద్దనండి." ఇంతే చెప్పింది. మైక్ ఆఫ్ చేయడం మర్చిపోయి నావైపు తిరిగి, "నాన్నా, నువ్వింక లౌసానే అనకు" అని కూడా అంది. అవతల ఎవరో నవ్వారు. ఆ నవ్వు తర్వాతే గట్టిగా బిగుసుకున్న వ్యవహారం కాస్త సడలింది.

మధ్యవర్తిత్వంలో మాట్లాడుకున్నవన్నీ బయట పెట్టకూడదు. చెప్పుకోవచ్చని రెండు పక్షాలూ రాసుకున్నంత వరకే చెబుతున్నాను. కారణాలు రాసిచ్చారు. అవి చదివాక ఆ ఇంకో అమ్మాయిని ఎందుకు తీసుకున్నారో నాకు అర్థమైంది. పూర్తిగా ఒప్పుకున్నానని అనను, అర్థమైంది. మా అమ్మాయిని క్యాంపుకి పిలిచారు. వచ్చే సీజన్ నుంచి పాలసీ ఆర్నెల్ల ముందే అందరికీ పంపుతారు, అప్పీలు గడువులో సెలవు రోజులు లెక్కించరు. ఈ చివరిది ఎవరింట్లో ఎప్పుడు పనికొస్తుందో తెలియదు. మా ఇంట్లో మాత్రం దాన్ని చూసి కాఫీ కప్పులు పైకెత్తి సంబరం చేసుకున్నాం.

ఆ ఇంకో అమ్మాయి గురించి ఒక మాట. ఇలాంటి అప్పీలు వేస్తే ఎవరి చోటు పోయే ప్రమాదం ఉందో వాళ్లకీ నోటీసు వెళ్తుంది, వెళ్లాలి కూడా. అంటే పోటీకి నెల ముందు ఆ పిల్లకి కూడా నిద్ర లేకుండా చేశామన్నమాట. వాళ్లమ్మగారు నాకు మెసేజ్ పెట్టారు: "మీ స్థానంలో ఉంటే మేమూ ఇదే చేసేవాళ్లం." ఆవిడకి ఏం జవాబివ్వాలో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను. ఆ రోజు రాత్రి నేను రాసిన పోస్టు మీరు చదివుంటే ఈ మెసేజ్ పెట్టేవారు కాదండీ. క్షమించండి.

మేం పెద్దవాళ్లం కాగితాలతో కుస్తీ పడుతుంటే పిల్లని నీళ్లలో ఉంచినవాళ్లు వేరే ఉన్నారు. జట్టులోకి రాకపోయినా ట్రస్టు వాళ్లు సాయం ఆపలేదు. పైగా ఒక సైకాలజిస్టునీ, ఒకప్పుడు తనూ బటర్‌ఫ్లై ఈదిన ఒక అక్కనీ పంపారు. ఆ అక్క వచ్చిన మొదటిరోజు వివాదం ఊసే ఎత్తలేదు. గోడకి 5 మీటర్ల దూరంలో పైన కట్టి ఉండే జెండాల దగ్గర పిల్లని నిలబెట్టి, అక్కడినుంచి గోడ దాకా మాత్రమే ఈదించింది. ఇరవైసార్లు. మొదట్లో చేతులు గోడకి అలా జారి ఆనేవి, చప్పుడే లేదు. "నాకు వినపడలేదు, మళ్లీ" అనేది ఒడ్డున కూర్చుని. తొమ్మిదోసారికి రెండు అరచేతులూ ఒకేసారి ప్యాడ్ మీద ఠప్పున పడ్డాయి. గ్యాలరీలో ఉన్న నాకూ వినపడింది. "ఊ, ఇది. ఇంకో పదకొండు" అంది అక్క.

మా కోచ్ గారికి రేపు పొద్దున కూడా అదే ఫెడరేషన్‌తో పని. అయినా ట్రైనింగ్ లాగ్ మొత్తం సంతకం పెట్టి ఇచ్చారు, నావల్ల పేరు చెడుతుందేమో అని ఒక్కసారి కూడా అనలేదు. ఆయన సంగతి ఇక్కడ రెండు ముక్కల్లో తేల్చేస్తున్నానంటే రోజూ కనపడే మనిషి కాబట్టి.

చివరగా ఆ రోజు మా లేన్ దగ్గర బటన్ నొక్కిన టైమ్‌కీపర్ పెద్దాయనకి. మీరు చూసిన టైమ్‌ని చేత్తో రాసి, సంతకం పెట్టి, అడక్కుండానే నాకు తెచ్చిచ్చారు. లాయర్ మేడమ్ వద్దన్నారు కాబట్టి ఆ కాగితం మేం ఎక్కడా వాడలేదు. అమ్మాయి దాన్ని కిట్ బ్యాగులో పెట్టుకు తిరుగుతోంది, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో వేసి. హడావుడిలో మీ నంబరు తీసుకోలేదు. ఇది మీ కంటపడితే ఒక్క మెసేజ్ పెట్టండి సార్.