మన తల్లిదండ్రుల సంఘం: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రుల సంఘం మనది. ఉద్దేశాలు మీకు తెలిసినవే, మళ్లీ రాయను. ఈ ఏడాది కార్యవర్గం తొమ్మిదిసార్లు కూర్చుంది. కోరం లేక మరో రెండుసార్లు లేచిపోయింది. వీసా కాగితాలు నింపిపెట్టడం, మందుల చీటీలు ఇంగ్లీషులో రాయించడం ఎప్పటిలాగే సాగాయి.

చెప్పుకోదగ్గది పిల్లల దగ్గరికి వెళ్లేవారికి విదేశీ రైళ్లెక్కడం నేర్పిన తరగతులు. మూడు ఆదివారాలు, అమలాపురంలోనే. కోటిపల్లి–నరసాపురం లైను పూర్తి కాక రాజమండ్రి పోయి రైలెక్కే మనకు న్యూజెర్సీ రైళ్ల పాఠమా అని కొందరు నవ్వారు. నవ్విన ఇద్దరూ ముందు వరసలో కూర్చుని రాసుకున్నారు.

మొదటి ఆదివారం టికెట్ల గురించి. మన రిజర్వేషన్ టికెట్ మీద కోచ్, బెర్తు అన్నీ ఉంటాయి. జర్మనీలో టికెట్ వేరు, సీటు వేరు. అక్కడి వేగపు రైలు ఐసీఈకి టికెట్ కొన్నా సీటు కావాలంటే విడిగా కట్టాలి. కట్టకపోతే సీటు దగ్గరి చిన్న తెర చూసి, ఎవరూ రిజర్వు చేసుకోని చోట కూర్చోవాలి. చౌక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. మనం ఆలస్యంగా వెళ్లి రైలు తప్పితే డబ్బు పోయినట్టే. కానీ రైలే ఆలస్యమై, చేరాల్సిన ఊరికి 20 నిమిషాలో అంతకు మించో ఆలస్యంగా చేరేలా ఉంటే వేరే రైలెక్కవచ్చు. ఇది తెలియక కొత్త టికెట్ కొనేస్తుంటారు.

ఇటలీలో ప్రాంతీయ రైళ్ల కాగితం టికెట్‌ను ఎక్కేముందు స్టేషన్లోని చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. కొన్నాం కదా అని ఊరికే ఎక్కితే జరిమానా. టికెట్ యంత్రం దగ్గర సాయం చేస్తామని వచ్చేవాళ్లకు ఓ నమస్కారం పెట్టి పంపేయండి. లండన్ ట్యూబులో, అంటే అక్కడి భూగర్భ మెట్రోలో, లోపలికి ఏ కార్డు తాకించారో బయటికీ అదే తాకించాలి. అదే కార్డు ఫోనులో ఉన్నా యంత్రానికి అది వేరే కార్డు, రెండువైపులా గరిష్ఠ చార్జీ పడుతుంది. దంపతులిద్దరికీ ఒకే కార్డు కుదరదు. జపాన్ బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌కు ప్రయాణానికో కాగితం, వేగానికో కాగితం ఇస్తారు. గేటులో రెండూ కలిపి పెట్టి, అవతల మరిచిపోకుండా తీసుకోవాలి.

ఎక్కువ ప్రశ్నలు న్యూజెర్సీ మీదే వచ్చాయి. అక్కడ యాప్‌లో కొన్న టికెట్‌ను రైలెక్కే ముందు యాక్టివేట్ చేయాలి. కొన్న వెంటనే నొక్కితే ఎక్కేలోగా టైమైపోతుంది. 62 దాటినవారికి తగ్గింపు చార్జీ ఉంది, వయసు చూపే కార్డు దగ్గరుంచుకోండి. సికాకస్ స్టేషన్‌లో రైలు మారేటప్పుడు గేటు మళ్లీ టికెట్ అడుగుతుంది కాబట్టి పారేయకండి. అన్నిటికన్నా ముఖ్యం: పెన్ స్టేషన్లు రెండు. న్యూయార్క్ వెళ్తుంటే చాలా రైళ్లకు ముందు నెవార్క్ పెన్ వస్తుంది, "పెన్ స్టేషన్" అని వినబడగానే దిగిపోకండి. న్యూయార్క్‌లో తిరుగు రైలు ఏ ట్రాకో చివరి నిమిషాల్లోనే బోర్డు మీద పడుతుంది. జనం ఒక్కసారిగా మెట్లవైపు కదులుతారు, అందుకే ముందే బోర్డుకు దగ్గరగా నిలబడాలి.

రెండో ఆదివారం కల్యాణ మండపం స్తంభాలకు ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు అంటించి జర్మన్ ప్లాట్‌ఫారం చేశాం. మన కోచ్ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో ముందే చూసుకుని నిలబడటం అలవాటు కావాలని. రెండు నిమిషాల హాల్టు, 23 కిలోల బియ్యం పెట్టెలు, మూడు బల్లల మెట్లు. రెండేసి పెట్టెలతో వచ్చిన జంటల్లో ఒక్క జంటే అన్నీ ఎక్కించగలిగింది! అక్కడ కూలీలు దొరకరు. ఎవరి పెట్టె వారు ఒంటిచేత్తో ఎత్తగలిగితేనే రైలు, లేదంటే పిల్లల్ని కారు తెమ్మనండి. ఆవకాయ ఒక జాడీ తగ్గినా ఫరవాలేదు. పారిస్ మీదుగా వెళ్లేవారు ఇంకోటి గుర్తుంచుకోవాలి: లండన్ రైలు గార్ దు నోర్ స్టేషన్‌లో దింపుతుంది, దక్షిణానికి పోయే రైళ్లు చాలావరకు గార్ ద లియోన్ నుంచి. ఊరి లోపలే మెట్రో ఎక్కి మారాలి, గంటకు పైగా చేతిలో పెట్టుకోండి. టీజీవీ అనే ఫ్రెంచి వేగపు రైలు తలుపులు బయల్దేరడానికి రెండు నిమిషాల ముందే మూస్తారు.

మూడో ఆదివారం ఫోన్లలో యాప్ సాధన. నేర్పుతామని పేర్లిచ్చిన పదిమంది యువకుల్లో వచ్చింది ముగ్గురు. మిగతా ఏడుగురూ ఆ రోజు వాట్సాప్‌లో శుభోదయాలు మాత్రం పంపారు. ఒక స్టేషన్లో గంటసేపు సాధన చేయిస్తామని సంబంధిత కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. రసీదులున్నాయి, జవాబు లేదు.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. చేతిలో కొంచెం మిగిలింది, బాకీ చందాలు వస్తే ఇంకొంచెం మిగిలేది.

మండపం అద్దె లేకుండా ఇచ్చినవారికి, బియ్యం మూటలు తెచ్చి మళ్లీ లెక్కపెట్టి పట్టుకెళ్లిన మిల్లు యజమానికి, మూడు వారాలూ ఉప్మా, కాఫీ చూసిన మహిళా సభ్యులకు, ఆత్రేయపురం పూతరేకులు పంపినవారికి, అర్ధరాత్రి వీడియోలో సందేహాలు తీర్చిన మన పిల్లలకు, వచ్చిన ఆ ముగ్గురు కుర్రాళ్లకు కృతజ్ఞతలు.

సంఘం సామాను పెట్టె తూచే కాటాలు రెండింటిలో ఒకటి, నాలుగు ప్లగ్ అడాప్టర్లు ఇంకా తిరిగి రాలేదు. వేసవి ప్రయాణాలు మొదలయ్యేలోగా తెచ్చివ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి, అమలాపురం