మా ముత్తాతల పేర్లకి ఒక సూచిక వేయించండి
కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,
బరంపురం నుంచి నమస్కారాలు.

మేం గంజాం జిల్లా తెలుగువాళ్ళం. మాలో చాలామంది ఇక్కడికి వలస వచ్చినవాళ్ళం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు బరంపురం, ఛత్రపురం ఇటు వచ్చాయి, ఇచ్ఛాపురం, సోంపేట మద్రాసులోనే ఉండిపోయాయి. పెళ్ళి సంబంధాలు ఇప్పటికీ అటూ ఇటూ నడుస్తున్నాయి. కాగితాలే చెల్లాచెదురయ్యాయి. పాత జిల్లా రికార్డులు చాలావరకు చెన్నై ఎగ్మూరులో, తర్వాతివి భువనేశ్వర్‌లో, దేశం దాటి వెళ్ళినవాళ్ళ ఫైళ్ళు ఢిల్లీలో మీ జాతీయ ఆర్కైవ్స్‌లో. ఈ ఉత్తరం ఆ ఢిల్లీ ఫైళ్ళ గురించి.

మా పెద్దల్లో అన్నదమ్ములిద్దరు రంగం వెళ్ళారు. బర్మాలోని రంగూన్‌ని మావైపు అలాగే అనేవారు. గోపాలపురం రేవులో స్టీమరెక్కి వెళ్ళి, అక్కడి బియ్యం మిల్లుల్లో, ఓడల దగ్గర మూటలు మోసినవాళ్ళలో తెలుగువాళ్ళు లెక్కలేనంతమంది. 1942లో జపాన్ సైన్యం వచ్చిపడ్డాక కొండలూ అడవులూ దాటి నడిచొచ్చినవాళ్ళున్నారు, దారిలో పోయినవాళ్ళూ ఉన్నారు. మా ఇద్దరిలో అన్నగారు వచ్చారు, తమ్ముడు రాలేదు. ఆయన తద్దినం ఏ తిథికి పెట్టాలో తెలియక మా ఇంట్లో ఏటా మహాలయ అమావాస్యకే పెడుతున్నాం.

ఆయన ఉన్నాడనడానికి మా దగ్గరున్న కాగితం ఒక్కటే. ఐదో జార్జి బొమ్మున్న స్టాంపు కాగితం మీద దస్తావేజు, అంచులు చెదపురుగులు తిన్నాయి. అంతా గొలుసుకట్టు రాత. కరణీకం చేసిన ఇంటి పెద్దాయన ఒకరు కళ్ళద్దాలు పైకీ కిందకీ జరుపుకుంటూ చదివిపెట్టారు. చెరువు గట్టు, పుంత, పక్క పొలాలవాళ్ళ పేర్లు అన్నీ అయ్యాక చివర్లో ‘ప్రస్తుతం రంగంలో యున్న తమ్ముని వాటా’ అని ఒక ముక్క.

1941లో భారత ప్రభుత్వం విదేశాల్లోని మనవాళ్ళ కోసం వేరే శాఖే పెట్టింది. ఆ శాఖ ఫైళ్ళు మీ దగ్గరే ఉన్నాయి. 2015లో మీరు తెచ్చిన అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వెతకొచ్చు, స్కాన్ చేసినవి చదవొచ్చు. ఆ పని చేసినవాళ్ళకి దండం పెట్టాలి. కానీ ‘గంజాం’ అని కొడితే జమీందార్ల తగాదాలు, కలెక్టరు దొరల సెలవులు వస్తాయి. మా తాతగారి పేరు కొడితే ఏమీ రాదు. రాదు మరి. సూచికలోకి ఎక్కింది ఫైలు అట్ట మీద గుమాస్తా రాసిన విషయమే గానీ లోపలి కాగితాల్లో ఉన్న మనుషుల పేర్లు కావు.

గయలో పిండప్రదానానికి వెళ్ళినవాళ్ళని అడగండి. అక్కడి పురోహితుడు పండా ముందు ఏ ఊరని అడుగుతాడు, తర్వాత ఇంటిపేరు. లోపలికెళ్ళి ఓ పాత బహీ, అంటే వచ్చినవాళ్ళ పేర్లు రాసుకున్న పుస్తకం, తెచ్చి మీ ముత్తాత సంతకం చూపిస్తాడు. ఆయనకి కంప్యూటర్ లేదు, సూచిక ఉంది.

ఇది తేలిక పనని అనను. అప్పలస్వామిని ఇంగ్లీషు గుమాస్తాలు ఎన్నిరకాలుగా రాశారో ఆ సింహాద్రి అప్పన్నకే తెలియాలి. పైగా అప్పట్లో ఓడలెక్కించినప్పటి పట్టీల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసేవారు గానీ మనం మనిషిని గుర్తుపట్టే ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. మా వీధిలో అప్పన్నా అని కేకేస్తే నలుగురు పలుకుతారు. అందుకని ఊరు, తండ్రి పేరు కలిపి వెతికే వీలుండాలి. యంత్రమే చదివేస్తుందని ఎవరన్నా చెబితే నేను నమ్మను. ఈ ఊళ్ళ పేర్లు తెలిసినవాళ్ళు పక్కన కూర్చోవాలి.

మారిషస్‌లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ వలస రిజిస్టర్లు భద్రపరిచి, వారసులు అడిగితే వెతికిస్తోంది. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి కూలీలుగా వెళ్ళిన లక్షా 52 వేల మంది ఓడల పట్టీలని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల ఊళ్ళు వాటిలో ఉన్నాయి. అక్కడివాళ్ళు మన ఊరు పట్టుకుని వస్తున్నారు, వాళ్ళకి ఇటు చూపించడానికి మన దగ్గరే ఏమీ లేదు. జనాభా లెక్కల్లో చూద్దామా అంటే, 1948 చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ కాగితాలు ఎవరికీ చూపరు. బ్రిటన్‌లో వందేళ్ళు దాటితే తెరుస్తారు.

ఇదేదో రిటైరైనవాళ్ళ కాలక్షేపం అనుకోకండి. ఎస్సీ సర్టిఫికెట్‌కి 1950 ఆగస్టు 10 నాటికి కుటుంబం ఎక్కడుందో రుజువు కావాలి. బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళ మనవలు ఎక్కణ్ణుంచి తేగలరు? కాలేజీ అడ్మిషన్ల వేళ ఆ ఇళ్ళల్లో టెన్షన్ చూడాలి. తాత పేరు, ఊరు పేరు ఉన్న 1942 నాటి కాగితం ఒక్కటి దొరికినా వాళ్ళకి ఎంతో ఆసరా.

కాబట్టి మొత్తం ఆర్కైవ్స్‌కి ఒక్కసారే చేయమని అడగను. ముందు 1942 బర్మా ఫైళ్ళు తీసుకోండి. వాటిలో గంజాం, విశాఖపట్నం జిల్లాలవాళ్ళ పేర్లన్నీ ఊళ్ళతో సహా రాయించి పోర్టల్‌లో పెట్టించండి, తెలుగులోనూ ఒడియాలోనూ వెతికేలా. బరంపురం విశ్వవిద్యాలయంలో రెండు భాషలూ వచ్చిన పిల్లలున్నారు, ఆ పని వాళ్ళకివ్వండి. భువనేశ్వర్‌లో మీ రికార్డ్ సెంటర్ ఉంది కదా, అక్కణ్ణుంచి ఒక ఉద్యోగి నెలకోసారి బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వచ్చి కూర్చుంటే, వయసు మళ్ళినవాళ్ళు తమ దగ్గరున్న కాగితాలు పట్టుకొచ్చి అడుగుతారు. ఎగ్మూరు రికార్డులు తమిళనాడు ప్రభుత్వం చేతిలోవని తెలుసు. మా ఉత్తరానికి అక్కణ్ణుంచి జవాబు రాకపోవచ్చు, మీరు రాస్తే వస్తుంది.

ఇట్లు,
బరంపురం తెలుగువాడొకడు