చౌడు సరస్సు చుట్టూ సైకిలు మీద

వియన్నా,
సెప్టెంబరు 28

నాయనకు,

నమస్కారాలు. అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు. మనసు కుదుటపడింది. మొన్న ఫోన్లో, "సెలవు రోజు ఇంట్లో ఉండక, అంత దూరం సైకిలు తొక్కి ఏం చూస్తావు పాపా?" అని అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. అక్షరాలు పెద్దగా రాశాను, తీరిగ్గా నువ్వే చదువుకో.

పొద్దున్నే సైకిలుతో సహా రైలెక్కితే గంటలోపే నాయ్‌సీడ్ల్ అనే ఊళ్లో దిగుతాం. అక్కడ మొదలై హంగరీ దేశంలోకి కూడా పోయే పెద్ద సరస్సు ఉంది. వైశాల్యం 300 చదరపు కిలోమీటర్ల పైమాటే. లోతు మాత్రం ఎక్కడా రెండు మీటర్లు ఉండదు. తాంబాళంలో పోసిన నీళ్లే అనుకో. చాలాచోట్ల నువ్వు దిగి నిలబడితే ఛాతీ దాకా కూడా రావు. సగానికి పైగా రెల్లే, మనిషి కంటే ఎత్తు పెరిగి ఉంటుంది. దాని పక్కన తొక్కుతుంటే నీళ్లు కనబడవు, లోపలి నుంచి పక్షుల గోల వినబడుతుంది. పొదెర్స్‌డార్ఫ్ అనే ఊరి దగ్గర రెల్లు లేని ఒడ్డు ఉంది. సరస్సు అంతా కంటికి ఆనేది అక్కడే.

పూర్తిగా చుట్టి రావాలంటే సుమారు 120 కిలోమీటర్లు. మేము ఇల్మిట్స్ దాకా తొక్కి, పడవలో సైకిళ్లు పెట్టుకొని అవతలి ఒడ్డున మోర్బిష్‌లో దిగుతాం. నాతో వచ్చేవాళ్లు ఆఫీసులో స్నేహితులు.

చదును నేల కదా, సులువుగా ఉంటుందని నువ్వు అనుకుంటావు. గుట్ట అయితే ఎక్కేటప్పుడు ఆయాసం వచ్చినా దిగేటప్పుడు కాళ్లు ఊరుకుంటాయి. ఈ బయల్లో దిగుడు అనేదే లేదు, తొక్కుతూనే ఉండాలి. పైగా గాలి. ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది కాబట్టి పోయేటప్పుడు వీపు మీద చెయ్యి వేసి తోస్తుంది, వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. అప్పుడు కిందికి వంగిన హ్యాండిల్ పట్టుకొని, ముందువాళ్ల వెనక చక్రానికి జానెడు దూరంలో తొక్కుతాం. ముందున్నవాళ్లు గాలి కాస్తారు, వెనకవాళ్లకు బాగా తేలికవుతుంది. కాసేపటికి ముందువాళ్లు పక్కకు జరిగి వెనక్కి వస్తారు, రెండోవాళ్లు ముందుంటారు. నువ్వు ఆషాఢం గాలిలో కసువు మోపు వెనక కట్టుకొని తోట నుంచి ఇంటికి తొక్కేవాడివి. నీ ముందు గాలి కాసేవాళ్లు ఎవరూ లేరు. మొన్న నా వంతు వచ్చి ముందున్నప్పుడు అదే తలచుకున్నాను నాయనా. మన రామగిరి గుట్టల మీద ఉన్నట్టే ఇక్కడి బయళ్లలోనూ గాలిమరలు వరసలు వరసలుగా ఉన్నాయి.

దారికి రెండు వైపులా ద్రాక్ష. మనలాగా పందిళ్లు వేయరు. కంచెలాగా తీగలు లాగి, ఛాతీ ఎత్తులో సాళ్లుగా పెంచుతారు. మనకు ఎండలు ముదిరే కాలంలో కోత, వీళ్లకు ఇప్పుడు. ట్రాక్టర్లు గెలలతో పోతుంటే పక్కకు ఆగి దారి ఇస్తాం. గోరువంకల జాతి పక్షులు వేలల్లో వచ్చి తోటల మీద పడతాయి. వాటిని తోలడానికి చిన్న విమానాలు తిప్పుతారు! మంచె మీద నిలబడి ఒడిసెల తిప్పిన మన జొన్న చేలు గుర్తొచ్చాయి.

నీకు నమ్మబుద్ధి కాని మాట ఒకటి. బూజు తెగులు వస్తుందేమోనని మనవాళ్లు మందు మీద మందు కొడతారు కదా. ఇక్కడ కొన్ని తోటల్లో పండిన గెలలను కోయకుండా, ఒక రకం బూజు పట్టే దాకా వదిలేస్తారు. సరస్సు మీద లేచే పొగమంచుకు బూజు పడుతుంది, పగటి ఎండకు పండు కిస్‌మిస్‌లా ముడుచుకుంటుంది, తీపి చిక్కబడుతుంది. ఆ పండ్లతో చేసే తీపి ద్రాక్ష సారాయే రుస్ట్ అనే ఊరికి పేరు తెచ్చింది. 1681లో ఆ ఊరివాళ్లు చక్రవర్తికి 60,000 గుల్డెన్ల సొమ్ముతో పాటు ఈ సారాయి కూడా పీపాలకొద్దీ ఇచ్చి, ఏ జమీందారు కిందా లేని స్వతంత్ర పట్టణంగా హక్కులు తెచ్చుకున్నారు.

రుస్ట్‌లో ఇళ్ల పొగగొట్టాల మీద కొంగల గూళ్లు ఉంటాయి. ఇంటివాళ్లే గూటికి ఆధారంగా చట్రాలు బిగించి పెడతారు. నేను వెళ్లేసరికి కొంగలు ఆఫ్రికాకు వెళ్లిపోయాయి, గూళ్లు మాత్రమే ఉన్నాయి. హిందూపురం వైపు వీరాపురంలో చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడితే ఊరంతా కాచుకోవడం లేదూ? అంత ప్రేమ ఇక్కడా చూశాను, సంతోషమేసింది. అమ్మకు ఇంకో మాట చెప్పు. వాళ్ల పుట్టినూరి వైపు రోళ్లపాడులో ఉండే బట్టమేక పిట్టకు దగ్గరి జాతి పక్షి ఇక్కడి గడ్డి బయళ్లలో ఉంది. కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయని కొన్నిచోట్ల తీగలనే భూమిలో పూడ్చారు. వాటి సంఖ్య మళ్లీ పెరిగింది. రోళ్లపాడులో ఆ పిట్ట కనబడటమే గగనమైంది. మనకూ ఆ పని ఎవరైనా చేసి ఉంటే అని బాధ కలిగింది.

ఇప్పుడు నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్న సంగతి. సరస్సుకు తూర్పున సీవింకెల్ అనే ప్రాంతంలో చిన్న చిన్న మడుగులు ఉన్నాయి. ఎండాకాలంలో అవి ఎండి అడుగు తెల్లగా పేరుతుంది. వేలితో రాసి చూశాను, అచ్చం మన చౌడు. మనూళ్లో బట్టలు ఉతకడానికి చౌడుమన్ను తెచ్చేవారే, అదే గుణం. ఇక్కడ కూడా ఒకప్పుడు దాన్ని ఊడ్చి సబ్బుకు వాడేవారట. ఆ బయల్లో పశువులకు నీళ్లు తోడే ఏతాలు ఇంకా నిలబెట్టి ఉంచారు. ఏతం చూసి సైకిలు దిగేశాను.

ఈ మడుగులు ఒకప్పుడు వందకు పైగా ఉండేవట. ఇప్పుడు సగం కూడా లేవు. వాన తగ్గడం ఒక్కటే కారణం కాదు. నీళ్లు పోవడానికి కాలువలు తవ్వారు, పొలాలకు బావులు వేసి తోడారు. భూమిలో నీటిమట్టం పైన ఉంటేనే ఎండకు చౌడు పైకి లేచి, అడుగు మన్నును బిగదీసి నీళ్లు ఇంకకుండా పట్టి ఉంచుతుంది. మట్టం కిందికి పోతే చౌడు కూడా దిగిపోతుంది. ఆ తర్వాత ఎంత వాన పడినా మడుగు నిలవదు, గడ్డి మొలుస్తుంది. పెద్ద సరస్సు కూడా వాన మీదే బతుకుతుంది. 1860లలో పూర్తిగా ఎండిపోయి కొన్నేళ్లు నేలగా ఉంది. 2022లో కూడా బాగా తగ్గిపోయింది. డాన్యూబ్ నది వైపు నుంచి కాలువ తెచ్చి నింపాలని కొందరు, తియ్యనీళ్లు కలిస్తే చౌడు సరస్సు గుణమే పోతుందని కొందరు వాదించుకుంటున్నారు.

ఇక్కడ ఏడాదికి పడే వాన 600 మిల్లీమీటర్లకు అటూఇటూ. మన అనంతపురానికి 550 చిల్లర. పెద్ద తేడా లేదు నాయనా! వీళ్లకు ఏడాది పొడవునా కొంచెం కొంచెం పడుతుంది, ఎండ మనంత ఉండదు. మనకు నాలుగు పెద్ద వానల్లో వచ్చి వంకలో కొట్టుకుపోతుంది. అందుకే విజయనగర రాజుల కాలంలోనే బుక్కరాయసముద్రం లాంటి చెరువులు కట్టారు. పడిన రోజే పట్టుకోకపోతే మనకు నీళ్లు లేవు.

చీనీ చెట్లు వాడిపోతున్నాయని ఇంకో బోరు వేయించాలనుకుంటున్నావని, టెంకాయతో నీళ్లు చూసే ఆయన్ను కూడా పిలిపించావని తమ్ముడు చెప్పాడు. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. చెట్లు నీ చేత్తో నాటినవి, ఎండిపోతుంటే చూడలేవు, నాకు తెలుసు. కానీ మన చుట్టూ వెయ్యి అడుగులు దించినా దుమ్ము లేచిన పొలాలు ఉన్నాయి. ఒకవేళ మనకు నీళ్లు పడినా, పక్క చేను బోరు ఎండుతుంది. వాళ్లు ఇంకా లోతుకు పోతారు, తర్వాత మనం.

ఆ డబ్బుతో కింది చేను మూలన, వంక నీళ్లు వచ్చి చేరే చోట, పంట కుంట తవ్విద్దాం. ఖర్చు నేను పంపుతాను, అప్పు చేయొద్దు. ఈలోగా చీనీ పాదుల్లో శెనక్కాయ పొట్టు మందంగా పరిపించు, తడి ఆరదు. డ్రిప్పు పైపులు ఎక్కడెక్కడ కారుతున్నాయో తమ్ముణ్ణి చూడమను. ఈ ఏడు చెట్లు బతకడానికి ట్యాంకరు తోలాల్సి వస్తే అదీ నేను చూసుకుంటాను. ఉన్న బోరులో నీళ్లు రోజుకు ఎంతసేపు వస్తున్నాయో కూడా రాయించు.

సంక్రాంతికి వస్తున్నాను. చేను మొత్తం ఇద్దరం తిరిగి చూద్దాం, కుంట ఎక్కడ తవ్వాలో నువ్వే చెప్పు. అంతవరకు బోరు బండిని మాత్రం పిలవొద్దు. అమ్మ పంపిన శెనక్కాయ ఉండలు అయిపోయాయి, సైకిలు మీద వాటికి మించిన తిండి లేదు, ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకొన్ని పంపమను.

నీ కూతురు