తవ్వేవాడు అడగాలి, తెలిసినవాడు చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

మా వీధిలో మురుగుకాల్వ కోసం తవ్వుతుండగా జేసీబీ బకెట్ మంచినీటి పైపునూ, దాని పక్కనే పోతున్న ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌నూ ఒక్క దెబ్బకు తెంపేసింది. పైపుకు సాయంత్రంలోగా అతుకు పడింది. కేబుల్ అతికే కుర్రాడు మాత్రం ఆ రాత్రి వానలో, గోతి అంచున గొడుగు కింద స్ప్లైసింగ్ మిషన్ పెట్టుకుని, వెంట్రుకంత సన్నని గాజు పోగులను నీలానికి నీలం, నారింజకు నారింజ చొప్పున తెల్లవారేదాకా కలుపుతూనే ఉన్నాడు. టెలిఫోన్ శాఖలో కేబుల్ పని చేసి రిటైరైన నాకు ఆ దృశ్యం కొత్త కాదు. కాగితం చుట్టిన రాగి తీగల కాలంలో తెగిన చోట నీరు దిగితే మా పని ఇంకా కష్టంగా ఉండేది.

ఇలా ఒకరి తవ్వకం మరొకరి లైన్లను తెంపకుండా చూసేందుకే 2023 మార్చి 22న ప్రధానమంత్రి ‘కాల్ బిఫోర్ యు డిగ్’ (తవ్వేముందు అడగండి) యాప్‌ను ప్రారంభించారు. టెలికాం శాఖ, గాంధీనగర్‌లో అంతరిక్ష, భూసమాచార పరిజ్ఞానంపై పనిచేసే భాస్కరాచార్య సంస్థ కలిసి దీన్ని తయారుచేశాయి. తవ్వబోయే చోటును యాప్‌లో నమోదు చేస్తే, అక్కడ లైన్లున్న సంస్థలకు సమాచారం వెళ్లి ఇరుపక్షాలూ మాట్లాడుకునే వీలు కలుగుతుంది. ఇష్టారాజ్యపు తవ్వకాల వల్ల ఏటా సుమారు రూ.3,000 కోట్ల నష్టం వాటిల్లుతోందని ప్రభుత్వమే చెప్పింది.

ఆలోచన మంచిదే, అయితే జేసీబీకి అద్దె గంటల లెక్కన పడుతుంది. జవాబు కోసం ఒక పూట ఆగితే ఆ అద్దె చిన్న కాంట్రాక్టరు జేబులోంచే పోవాలి, ఆగకుండా తవ్వి కేబుల్ తెగితే నష్టం ఇంకెవరిదో అవుతుంది. ఈ లెక్క మారనంతకాలం ఫోన్‌లో యాప్ ఉన్నా దాన్ని తెరిచేవారు తక్కువే. అమెరికాలో 2007 నుంచి 811 నంబరుకు ముందుగా ఫోన్ చేస్తే, ఆయా కంపెనీల మనుషులే వచ్చి కరెంటుకు ఎరుపు, గ్యాస్‌కు పసుపు, టెలిఫోన్‌కు నారింజ, మంచినీటికి నీలం రంగుతో నేలమీద గీతలు గీసి వెళతారు, అందుకు తవ్వేవారినుంచి సాధారణంగా రుసుము తీసుకోరు. తవ్వేవాడు అడగడం ఎంత విధో, లైను యజమాని గడువులోగా చెప్పడమూ అంతే విధిగా అక్కడ నడుస్తోంది.

మన దగ్గర చెప్పవలసినవారికే సరిగా తెలియకపోవడం అసలు చిక్కు. మా పాత రూట్ పటాల్లో ‘ప్రహరీకి ఇన్ని అడుగుల దూరం, రోడ్డుకు ఇంత లోతు’ అని ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ప్రహరీ పోయింది, పాత రోడ్డుపై రెండు పొరల సిమెంటు రోడ్డు పడి లోతు మారింది, ‘కింద కేబుల్ ఉంది’ అని పాతిన రాయి ఎక్కడో కాల్వ గట్టుకు మెట్టయి ఉంటుంది. ఇక రోడ్డు తవ్వకుండా అడ్డంగా బోరు వేసే యంత్రాలకు కింద ఏముందో కంటికి కనబడదు కాబట్టి, పటం తప్పయితే పైపు చిల్లుపడాల్సిందే.

కనుక విద్యుత్, గ్యాస్, టెలికాం, నీటి సరఫరా సంస్థలు, పురపాలక ఇంజనీర్లు ప్రతి పట్టణంలోనూ నెలకొకసారి ఒకచోట కూర్చుని, రాబోయే తవ్వకాలను ముందే చెప్పుకుని, తమ పటాలను ఒకదానిపై ఒకటి పెట్టి సరిచూసుకోవాలి. చేత్తో తవ్వి చూసే పరీక్ష గోతులకూ, జవాబు కోసం యంత్రం ఆగే సమయానికీ టెండరులోనే విడిగా సొమ్ము చూపాలి. వేసిన లైను నిజంగా ఏ చోట, ఏ లోతున ఉందో కొలిచిన పటం అందాకే ఆఖరి బిల్లు చెల్లించాలి. వ్యాపార రహస్యమని పటాలు దాచుకునే టెలికాం కంపెనీలు, తెగిన కేబుల్‌కు అవుతున్న ఖర్చు ముందు ఆ రహస్యం విలువెంతో లెక్కవేసుకోవడం మంచిది. గ్యాస్ పైపుల విషయంలోనైతే తవ్వుతున్నంతసేపూ ఆ సంస్థ మనిషి గోతి దగ్గర ఉండి తీరాలి. 2014 జూన్‌లో కోనసీమలోని నగరం అనే గ్రామంలో జరిగిన గ్యాస్ పైపులైను పేలుడు దుర్ఘటన తవ్వకం వల్ల కాకపోయినా, భూమిలోని గ్యాస్ లీకైతే ఏమవుతుందో మనకు చూపింది.

మా వీధిలో ఆ గొయ్యి ఇంకా పూడ్చలేదు. అందులో నాలుగు లైన్లు పైకే కనబడుతున్నాయి. పూడ్చేలోగా ఎవరైనా టేపు పట్టుకొచ్చి కొలిచి రాసుకుంటారేమోనని ఎదురుచూస్తున్నాను.

భవదీయుడు,
విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
రాజమహేంద్రవరం