పిల్లలను ఎరిగిన ఉపాధ్యాయులే దరఖాస్తుకు బలం

సంపాదకులకు నమస్కారం.

మన విశాఖపట్నంలో ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్లల్లో కొందరు ఐఐటీ ప్రవేశ పరీక్షలకు సిద్ధమవుతూనే అమెరికాలోని పేరున్న విశ్వవిద్యాలయాలకూ, మన దేశంలో అశోకా, శ్రీసిటీలోని క్రియా వంటి వాటికీ దరఖాస్తు చేయాలనుకుంటున్నారు. ఇవి ఒక్క ర్యాంకు చూసి సీటు ఇచ్చే సంస్థలు కావు. మార్కులతో పాటు విద్యార్థి రాసిన వ్యాసాలను, తరగతి బయట చేసిన పనులను కూడా చూస్తాయి. అమెరికా విశ్వవిద్యాలయాలైతే ఉపాధ్యాయుల లేఖలకు చాలా విలువ ఇస్తాయి. ఈ సంగతి తెలియగానే తల్లిదండ్రులు కన్సల్టెన్సీలకు వెళ్లి, ‘ప్రొఫైల్ బిల్డింగ్’ పేరుతో పెద్ద మొత్తాలు కడుతున్నారు. ఆ డబ్బుతో దొరకనిది, దరఖాస్తుకు అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. అది పిల్లలను దగ్గరగా చూసిన ఉపాధ్యాయుడి మాట.

అమెరికా విశ్వవిద్యాలయాలు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు నాలుగేళ్ల చదువును కలిపి చూస్తాయి. అక్కడి పిల్లలు సాధారణంగా ఆ నాలుగేళ్లూ ఒకే బడిలో ఉంటారు కాబట్టి వారికి ఇబ్బంది లేదు. మన దగ్గర పదో తరగతితో బడి మారిపోతుంది. టీసీ, స్టడీ సర్టిఫికెట్ చేతికి వచ్చాక పాత బడితో సంబంధం తెగిపోతుంది. తొమ్మిదో తరగతి మార్కుల వివరాలు కావాలని మూడేళ్ల తరువాత వెళ్తే రికార్డులు వెతికే వారు ఉండరు. కొత్త కాలేజీలో ప్రిన్సిపాల్ దరఖాస్తుకు లేఖ రాయవలసిన సమయానికి పిల్లలు అక్కడ చేరి ఏడాదిన్నర కూడా కాదు. పైగా వారాంతపు పరీక్షల ర్యాంకులను బట్టి సెక్షన్లు మార్చే కాలేజీలలో ఏ లెక్చరరూ ఏ పిల్లనూ నిలకడగా ఎరిగే అవకాశం లేదు. అటువంటి చోట అడిగినా దొరికేది ‘క్రమశిక్షణ గల విద్యార్థి, కష్టపడి చదువుతుంది’ అనే రెండు వాక్యాలే. వందల మందికి సరిపోయే ఆ లేఖ ఎవరికీ ఉపయోగపడదు. అర్థం కాని లెక్కను ఆ అమ్మాయి ఎన్ని రోజులు పట్టుకుని కూర్చుందో, ఏ ప్రశ్న అడిగి మాస్టారినే ఆలోచనలో పడేసిందో, తోటివారికి ఎలా విడమరచి చెప్పిందో రాసిన లేఖను మాత్రం చదివినవారు మరచిపోలేరు.

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ) ఉపాధ్యాయుల నుంచి రెండు లేఖలు కోరుతుంది. ఒకటి గణితం లేదా సైన్సు చెప్పినవారిది, రెండోది భాషలు, సాంఘికశాస్త్రం వంటివి చెప్పినవారిది. మన ఎంపీసీ పిల్లలకు ఆ రెండో లేఖ రాయగలిగినవారు భాషల అధ్యాపకులే. కానీ పోటీ పరీక్షల ఒత్తిడిలో మొదట కోత పడేది భాషల పీరియడ్లకే. ఈ నష్టాన్ని కాలేజీ యాజమాన్యాలు గుర్తించాలి.

ఇక తరగతి బయట చేసే పనుల సంగతి. అమెరికాలో వందలాది విశ్వవిద్యాలయాలు వాడే కామన్ అప్లికేషన్‌లో ఇటువంటి పనులు పది వరకు రాయవచ్చు. ఒక్కొక్క దాని వివరణకు 150 అక్షరాలకు మించి చోటు ఉండదు. పది గళ్లు ఉన్నాయి కదా అని పదీ నింపాలన్న ఆత్రంతో రెండు రోజుల శిబిరాలకు, డబ్బు కడితే పేరు వేసే పరిశోధన వ్యాసాలకు తల్లిదండ్రులు పరుగెత్తుతున్నారు. సొంత దరఖాస్తు విధానం ఉన్న ఎంఐటీ అడిగేది నాలుగు పనులే. అన్నిటికీ మించి మన సామాన్య కుటుంబాలు తెలుసుకోవలసిన విషయం, ఆ కామన్ అప్లికేషన్‌లోనే కుటుంబ బాధ్యతలకు, జీతానికి చేసే పనికి వేరువేరుగా చోటు ఉందని. పూర్ణామార్కెట్‌లో తండ్రి దుకాణం లెక్కలు చూసే అబ్బాయి, మంచం పట్టిన నాయనమ్మను చూసుకుంటూ తమ్ముడికి చదువు చెప్పే అమ్మాయి తమకు చెప్పుకోవడానికి ఏమీ లేదనుకుంటున్నారు. వారు చేస్తున్నది నిజమైన పని. దానిని దాచకుండా రాయాలి.

ఆసక్తి ఉన్న పిల్లలకు ఈ ఊరే పెద్ద ప్రయోగశాల. ఎర్రమట్టి దిబ్బలను వానలు ఎలా కోస్తున్నాయో ఏటా ఒకే చోట నిలబడి కొలిచి రాసుకోవచ్చు. కంబాలకొండలో పక్షులను, తీరంలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లను గమనించవచ్చు. సందేహం వస్తే అడగడానికి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యులు ఉన్నారు, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టి మూడేళ్లు ఒక్క నోటుపుస్తకం నింపిన విద్యార్థికి, కామన్ అప్లికేషన్‌లో 650 పదాలకు మించకుండా రాయవలసిన వ్యాసానికి సంగతి కోసం వెతుక్కోవలసిన అవసరం రాదు. ఆ వ్యాసాన్ని మొదట తెలుగులో ఆలోచించి రాసుకుని, తరువాత ఇంగ్లీషులోకి తెచ్చుకున్నా మేలే. ఇతరుల చేత రాయించడం మాత్రం తప్పు. దరఖాస్తులో ఉన్నదంతా తన సొంతమని విద్యార్థే ధ్రువీకరించవలసి ఉంటుంది.

బ్రిటన్ పద్ధతి వేరు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఒకే ఏడాది ఏదో ఒకదానికే దరఖాస్తు చేయాలి. గడువు అక్టోబర్ 15. అక్కడ చూసేది ఎంచుకున్న సబ్జెక్టులో లోతునే గాని ఇతర వ్యాపకాలను కాదు.

ఖర్చుకు భయపడి ప్రయత్నమే మానుకునేవారికి ఒక మాట. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ వంటి కొద్ది సంస్థలు విదేశీ విద్యార్థుల విషయంలో కూడా ఆర్థిక స్థితితో నిమిత్తం లేకుండా సీటు నిర్ణయించి, ఆ తరువాత అవసరమైనంత సహాయం చేస్తాయి. మిగతా చాలా చోట్ల సహాయం కోరడం సీటు మీద ప్రభావం చూపవచ్చు. కనుక ఏ సంస్థ ఏ పద్ధతి పాటిస్తుందో ముందే చూసుకోవాలి. అమెరికా విశ్వవిద్యాలయాల ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష విషయంలోనూ అంతే. ఎంఐటీ 2022లో, హార్వర్డ్ 2024లో దానిని మళ్లీ తప్పనిసరి చేస్తున్నట్టు ప్రకటించాయి.

జిల్లా విద్యాశాఖ, ఇంటర్ బోర్డు అధికారులకు, యాజమాన్యాలకు నా విన్నపం ఇది. పదో తరగతి ముగిసి పిల్లలు బడి వదిలేటప్పుడే టీసీతో పాటు తొమ్మిదో తరగతి మార్కుల ధ్రువపత్రం కూడా ఇవ్వాలి. వారిని బాగా ఎరిగిన ఒక ఉపాధ్యాయుడు ఒక పేజీ రాసి కొత్త కాలేజీకి పంపాలి. కాలేజీలో ప్రతి విద్యార్థికి రెండేళ్లూ మారని ఒక లెక్చరర్‌ను కేటాయించాలి. ప్రభుత్వ జూనియర్ కాలేజీల పిల్లలకు ఇది మరింత అవసరం, ఎందుకంటే వారి తరఫున కన్సల్టెన్సీకి వెళ్లేవారు ఎవరూ ఉండరు. కామన్ అప్లికేషన్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది, తొలి విడత గడువు చాలా చోట్ల నవంబర్ 1తో ముగుస్తుంది. అందువల్ల జూన్‌లో కాలేజీలు తెరిచిన వెంటనే రెండో ఏడాది విద్యార్థుల తల్లిదండ్రులను పిలిచి, ఎవరి లేఖ ఎవరు రాయాలో ప్రిన్సిపాళ్లు ఆ నెలలోనే నిర్ణయించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత జూనియర్ లెక్చరర్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.